చెట్టును చూడటం నేర్పిన మదనపల్లె బిడ్డ – జిడ్డు కృష్ణమూర్తి

మదనపల్లె అనగానే అందరికీ టమాటా మార్కెట్ గుర్తుకొస్తుంది. పుంగనూరు అనగానే పొట్టి ఆవు, కుప్పం అనగానే మూడు రాష్ట్రాల సరిహద్దు గుర్తుకొస్తాయి. ఈ మూడు ఊళ్ళకూ ఉమ్మడిగా ఉన్న కష్టం ఒకటుంది. అదే నీళ్ళ కరువు. వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా దుమ్ము తప్ప చుక్క నీరు రాని చేలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. శనక్కాయ పంట ఎండిపోయి, బోరుకు చేసిన అప్పు తీరక బెంగళూరుకు కూలికి పోయిన తల్లిదండ్రుల పిల్లలు మన హాస్టళ్ళలో చాలామంది ఉన్నారు. అందువల్ల పర్యావరణం అనేది మనకు పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న మాత్రమే కాదు. అది మన ఇంటి సంగతి.

ఈ సందర్భంలో మనం తెలుసుకోవలసిన మహనీయుడు జిడ్డు కృష్ణమూర్తి. ఆయనను ప్రపంచమంతా తత్త్వవేత్తగా ఎరుగును. మదనపల్లెలో పుట్టారని, రిషివ్యాలీ పాఠశాల స్థాపించారని మనం జనరల్ నాలెడ్జి పుస్తకంలో చదువుకుంటాం. అంతటితో ఆగిపోతాం. కానీ మనిషికీ నేలకూ మధ్య తెగిపోయిన సంబంధం గురించి ఆయన జీవితమంతా మాట్లాడారని, ఆయన ఎంచుకున్న లోయ మన ప్రాంతంలోనే ఒక పాఠంగా నిలిచి ఉందని చాలామందికి తెలియదు. అందుకే ఈ వ్యాసం.

మందబుద్ధి అనిపించుకున్న బాలుడు

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడింది. ఆనాడు మదనపల్లె మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప జిల్లాలో ఉండేది. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కావడంతో కృష్ణుడి పేరు పెట్టారు. అది బ్రాహ్మణ కుటుంబం. చదువుకు, గౌరవానికి లోటు లేదు. అయినా జబ్బులు, చావులు ఆ ఇంటిని వదలలేదు. పుట్టిన పిల్లల్లో చాలామంది చిన్నతనంలోనే పోయారు. కృష్ణమూర్తికి రెండేళ్ళ వయసులోనే మలేరియా సోకి ప్రాణం మీదికి వచ్చింది. ఆ జ్వరం ఆయనను ఏళ్ళ తరబడి పీడించింది. బడికి వెళ్ళే రోజులకంటే మంచంలో ఉండే రోజులే ఎక్కువగా ఉన్న కాలం కూడా ఉంది.

పదేళ్ళ వయసులో, 1905లో తల్లిని పోగొట్టుకున్నారు. తల్లి లేని లోటు ఏమిటో మన హాస్టల్లో కొందరికి వేరే చెప్పనక్కరలేదు. తమ్ముడు నిత్యానంద ఒక్కడే ఆయనకు తోడు. నిత్య చదువులో చురుకు. కృష్ణమూర్తికి పాఠాలు తలకెక్కేవి కావు. ఉపాధ్యాయులు ఆయనను మందబుద్ధి కింద జమకట్టారు. పాఠం అప్పజెప్పలేదని దెబ్బలు కొట్టేవారు, బయట నిలబెట్టేవారు.

కానీ ఆ మందబుద్ధి పిల్లవాడు చేసే పనులు గమనించండి. మబ్బులను, మొక్కలను, నేల మీద పాకే పురుగులను గంటల తరబడి చూస్తూ ఉండేవాడు. తన పలకను, పెన్సిలును లేని పిల్లలకు ఇచ్చేసి ఉత్త చేతులతో ఇంటికి వచ్చేవాడు. ఒకసారి తండ్రి గడియారాన్ని విప్పి ముక్కలు ముక్కలు చేశాడు. మళ్ళీ బిగించి అది నడిచేదాకా బడికి పోనన్నాడు, అన్నం కూడా తిననన్నాడు. అనుకున్నట్టే బిగించాడు. చూడటం, పంచుకోవడం, పట్టు వదలకపోవడం – ఈ మూడు గుణాలకు ఏ బడిలోనూ మార్కులు వేయరు. అయినా ఆయన జీవితం మొత్తం వాటి మీదే నడిచింది.

అడయారు నుంచి లండన్ దాకా

నారాయణయ్య దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు. ఉద్యోగ విరమణ తర్వాత 1909 జనవరిలో కొడుకులతో మద్రాసు శివారులోని అడయారుకు చేరారు. సమాజపు ప్రధాన కేంద్రం అక్కడే ఉంది. వీరికి దొరికింది ఆవరణ బయట సరైన వసతి లేని చిన్న ఇల్లు. అక్కడి నుంచి పిల్లలు మైలాపూరు బడికి నడిచి వెళ్ళేవారు. ఆ బడిలోనూ కృష్ణమూర్తికి దెబ్బలు తప్పలేదు.

అదే సంవత్సరం అడయారు సముద్ర తీరంలో ఆడుకుంటున్న ఈ బక్కపలుచని బాలుడు సమాజ నాయకుల్లో ఒకరైన లెడ్‌బీటర్ కంటబడ్డాడు. ఈ పిల్లవాడు ముందు ముందు లోకానికి గురువు అవుతాడని ఆయన ప్రకటించారు. అనీబిసెంట్ అన్నదమ్ములిద్దరినీ తన సంరక్షణలోకి తీసుకున్నారు. 1911లో కృష్ణమూర్తి అధినేతగా ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్’ అనే సంఘం వెలిసింది. అదే ఏడాది అన్నదమ్ములను ఇంగ్లండుకు తీసుకెళ్ళారు. పిల్లలను తనకు తిరిగి అప్పగించాలని తండ్రి కోర్టుకెక్కారు. మద్రాసులో తండ్రి గెలిచారు. 1914లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తీర్పు అనీబిసెంట్‌కు అనుకూలంగా వచ్చింది.

పరాయి దేశంలో పెరిగి ఆయన పుట్టిన భాష తెలుగును మరచిపోయారు. లండన్ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష పదేపదే తప్పారు. పరీక్ష తప్పినంత మాత్రాన మనిషి తప్పిపోడని మనకు ధైర్యం చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. 1922లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఓహాయ్ అనే లోయకు వెళ్ళారు. క్షయవ్యాధితో బాధపడుతున్న తమ్ముడికి అక్కడి పొడి గాలి మేలు చేస్తుందని ఆశ. కానీ 1925 నవంబరులో నిత్యానంద మరణించాడు. అప్పుడు కృష్ణమూర్తి ఓడ ప్రయాణంలో ఉన్నారు. కడచూపు కూడా దక్కలేదు. ఆ దుఃఖం ఆయన నమ్మకాలన్నిటినీ కదిలించింది.

భూమి తిరిగి ఇచ్చిన గురువు

నక్షత్ర సంఘానికి ప్రపంచమంతటా వేలాది సభ్యులు ఉండేవారు. డబ్బు, భూములు, భవనాలు వచ్చిపడ్డాయి. హాలండ్‌లో ఒక జమీందారు ఎర్డె కోటను, దాని చుట్టూ ఉన్న సుమారు 5,000 ఎకరాలను సంఘానికి ఇచ్చారు. ఇంకొకరైతే ఆ సింహాసనం మీద హాయిగా కూర్చునేవారు.

1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్ శిబిరంలో కృష్ణమూర్తి వేలమంది ముందు ఆ సంఘాన్ని రద్దు చేశారు. సత్యానికి ఏ సంఘమూ దారి వేయలేదని, తనను ఎవరూ అనుసరించవద్దని తేల్చి చెప్పారు. కోటను, శిబిరం స్థలం పోగా మిగిలిన భూమినంతా ఇచ్చినవారికే తిరిగి అప్పగించారు. ఆ తర్వాత ఏ కులానికి, మతానికి, దేశానికి చెందినవాడిననీ ఆయన చెప్పుకోలేదు. మనిషిని మనిషి నుంచి విడదీసే ఏ గుర్తింపునూ ఒప్పుకోలేదు.

ఈ సంఘటనను చాలామంది మతానికి సంబంధించిందిగా మాత్రమే చూస్తారు. పర్యావరణం దృష్టితో కూడా చూడవచ్చు. అక్కర లేకపోయినా పోగుచేసుకోవడం, ఉన్నదానికంటే ఇంకా కావాలనడం – నేలను, నీటిని, అడవిని తినేస్తున్న జబ్బు ఇదే. చేతికి వచ్చిన వేల ఎకరాలను వద్దనుకున్న మనిషి ఆ జబ్బుకు మందు ఏమిటో చేసి చూపించారు.

మర్రిచెట్టు ఉన్న లోయ

సంఘం రద్దు కాకముందే, 1925–26 ప్రాంతంలో కృష్ణమూర్తి ఒక విద్యాకేంద్రం కోసం స్థలం వెతికారు. పుట్టిన ఊరికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, తెట్టు గ్రామం దగ్గర, గుట్టల నడుమ ఒక లోయ ఆయన మనసుకు నచ్చింది. అక్కడ ఊడలు దిగిన పెద్ద మర్రిచెట్టు ఉండేది. ఎదురుగా రిషికొండ. పూర్వం ఋషులు తపస్సు చేసుకున్న చోటని స్థానికుల నమ్మకం. లోయకు రిషివ్యాలీ అనే పేరు అలా వచ్చింది. చుట్టుపక్కల రైతుల దగ్గర భూమి కొన్నారు. 1930ల ఆరంభంలో మద్రాసు గిండీలో నడుస్తున్న పాఠశాల ఇక్కడికి తరలివచ్చింది. తొలినాళ్ళలో జి.వి.సుబ్బారావు ప్రధానోపాధ్యాయుడిగా దానిని నిలబెట్టారు.

లోయ పేరు వినడానికి చల్లగా ఉంటుంది గానీ అప్పటి స్థితి వేరు. ఇది వానచాటు ప్రాంతం. ఏడాదికి సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే. అది కూడా కొన్ని రోజుల్లోనే కుండపోతగా పడి పోతుంది. గుట్టల మీద కట్టె కొట్టడం, ఎడతెగని మేపు వల్ల రాళ్ళు తేలిపోయాయి. పడిన వాన పడినట్టే మట్టిని కొట్టుకుని వంకలో కలిసిపోయేది. కరువు ఏడాదిలో తాగునీటికే ఇబ్బంది. పచ్చగా ఉన్న చోటును వెతుక్కుని పోకుండా, తాను పుట్టిన కరువు నేల మీదే బడి పెట్టించడం మనం గమనించాలి.

పాలు పితికిన తత్త్వవేత్త

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1939 నుంచి 1947 దాకా, కృష్ణమూర్తి ఓహాయ్‌లోనే ఉండిపోయారు. ప్రసంగాలు చాలావరకు ఆగిపోయాయి. ఆ రోజుల్లో ఆయన కూరగాయలు పండించారు, ఆవు పాలు పితికారు, తేనెటీగలను, కోళ్ళను చూసుకున్నారు. దూరదూరం నడిచేవారు. లోకగురువుగా పెంచబడిన మనిషి మట్టిపని చేయడానికి నామోషీ పడలేదు. చదువుకున్నవాడు పార పట్టకూడదన్న భావం మన సమాజంలో ఇప్పటికీ ఉంది. మట్టిపని చేసేవారిని తక్కువగా చూసే అలవాటు దాని వెంటే ఉంది. ఆ రెండూ తప్పేనని ఆయన బతుకు చెబుతోంది.

1947లో ఇండియాకు తిరిగి వచ్చారు. అప్పటినుంచి తరచుగా చలికాలంలో ఇక్కడికి వచ్చేవారు. రిషివ్యాలీలో పిల్లలతో, ఉపాధ్యాయులతో మాట్లాడేవారు. సాయంత్రం పొలాల గట్ల మీద చాలాసేపు నడిచేవారు. ఆ నడకల్లో చూసిన కొండలను, చెట్లను, దారిన పోయే పేద పల్లె జనాన్ని తన దినచర్య పుస్తకాల్లో రాసుకున్నారు.

ఆయన చెప్పిన పాఠం

కృష్ణమూర్తి పర్యావరణ శాస్త్రవేత్త కాదు. చెట్లు ఎన్ని నాటాలి, కాలువ ఎక్కడ తవ్వాలి అని ఆయన చెప్పలేదు. ఆయన చెప్పింది ఇంకా మూలంలోకి వెళ్ళే మాట. మనిషి తనను తాను ప్రకృతి నుంచి వేరు చేసుకున్నాడని, చెట్టుతో సంబంధం పోగొట్టుకున్నవాడు తోటి మనిషితో సంబంధం కూడా పోగొట్టుకుంటాడని ఆయన బోధ సారాంశం. పేరు తెలియగానే చెట్టును చూడటం మానేస్తామని ఆయన పదేపదే హెచ్చరించేవారు. వేప అని చెప్పగానే మన పని అయిపోయినట్టు అనుకుంటాం. దాని బెరడు, దాని మీద తిరిగే చీమలు, దాని నీడలో పడుకున్న మేక – ఇవేవీ మన కంటికి ఆనవు. చూడనిదాని మీద ప్రేమ పుట్టదు. ప్రేమ లేనిదాన్ని కాపాడాలని ఎవరికీ అనిపించదు.

చదువు విషయంలోనూ ఆయనది అదే చూపు. ఒక పిల్లవాడిని ఇంకొకడితో పోల్చడం, భయపెట్టి చదివించడం తప్పని వాదించారు. పోటీ, భయం మీద పెరిగినవాడు పెద్దయ్యాక మనుషులనూ భూమినీ వాడుకోవడానికే చూస్తాడని ఆయన అభిప్రాయం. దెబ్బలు తిన్న పిల్లవాడు పెద్దయి దెబ్బలు లేని బడి కోసం పాటుపడ్డాడు. 1953లో విద్య మీద ఆయన రాసిన పుస్తకం వెలువడింది. రిషివ్యాలీలో సాయంత్రం పిల్లలంతా ఒకచోట చేరి మౌనంగా కూర్చుని సూర్యాస్తమయం చూసే ఆనవాయితీ ఉంది. దానిని అస్తాచల్ అంటారు. ఖర్చు లేని పాఠం అది. మన హాస్టల్ మిద్దె మీద కూడా అదే సూర్యుడు అస్తమిస్తాడు.

గుట్ట మళ్ళీ పచ్చబడింది

రిషివ్యాలీలో మొక్కలు నాటడం ఒక్క రోజు కార్యక్రమం కాదు, ఒక్కరి పనీ కాదు. ఉపాధ్యాయులు, విద్యార్థులు, పనివారు, చుట్టుపక్కల పల్లెల వారు దశాబ్దాలుగా చేసిన పని. కృష్ణమూర్తి జీవించి ఉన్నప్పుడు మొదలైంది, ఆయన తర్వాత కూడా సాగింది.

బోడి గుట్ట పచ్చబడటానికి ఒక వరస ఉంది. దీనిని మనం అర్థం చేసుకోవాలి. ముందు నరుకుడు ఆపాలి, మేపును కొన్నేళ్ళు అదుపులో పెట్టాలి. వాలుకు అడ్డంగా రాతి కట్టలు, కందకాలు వేయాలి. పరుగెత్తే నీరు అక్కడ నడక నేర్చుకుంటుంది. నీటితో కొట్టుకొచ్చిన మట్టి కట్ట వెనుక నిలుస్తుంది. ఆ మట్టిలో మొదట గడ్డి మొలుస్తుంది. తర్వాత సీతాఫలం, రేగు వంటి పొదలు వస్తాయి. పొదల నీడలో వేప, కానుగ, నేరేడు మొక్కలు బతుకుతాయి. పండ్ల కోసం పక్షులు వస్తాయి. అవి దూరం నుంచి కొత్త విత్తనాలు తెస్తాయి. కింద ఊటకుంటలు కట్టుకుంటే ఆగిన నీరు భూమిలోకి ఇంకి బావుల్లో తేలుతుంది. అంటే మొదటి పని మనిషిది. ఆ తర్వాత సగం పని పక్షులు, వాన, కాలం చేస్తాయి.

ఫలితం కళ్ళ ముందే ఉంది. 1991లో రిషివ్యాలీని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 170కి పైగా పక్షి జాతులను అక్కడ గుర్తించారు. పసుపు గొంతు పిగిలిపిట్ట వాటిలో ఒకటి. ఇది దక్షిణ భారతదేశపు రాతి గుట్టల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. ప్రమాదం అంచున ఉన్న జాతిగా లెక్కలోకి ఎక్కింది. హార్సిలీ కొండల్లోనూ కనిపిస్తుంది. మనం పనికిరానివని అనుకునే రాతిగుట్టలే దాని ఇల్లు.

పల్లె బడుల వెలుగు

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. రిషివ్యాలీ రుసుము కట్టి చదివే వసతి పాఠశాల. మన వంటి కుటుంబాల పిల్లలు అందులో చేరడం సులభం కాదు. అంతమాత్రాన ఆ కృషి మనకు సంబంధం లేనిదని అనుకోవడం సరికాదు. ఆ సంస్థ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపింది. ఒకే ఉపాధ్యాయుడు, ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు. అలాంటి చోట ప్రతి పిల్లా తన వేగంతో ముందుకు వెళ్ళేలా మెట్లుమెట్లుగా కార్డులతో నేర్పే పద్ధతిని 1980ల నుంచి అక్కడి ఉపాధ్యాయులు తయారుచేశారు. పాటలు, తోలుబొమ్మలు, ఊరి కథలు అందులో భాగం. బడి చుట్టూ చెట్లు పెంచడం కూడా భాగమే. వెనుకబడిన పిల్లవాడు అనే మాటకు అక్కడ చోటు లేదు. మైలాపూరులో బయట నిలబడిన బాలుడికి ఇది ఆలస్యంగా దొరికిన న్యాయం.

ఈ పద్ధతి చూసి 1995 ప్రాంతంలో కర్ణాటకలో నలి–కలి అనే విధానం మొదలుపెట్టారు. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో ప్రవేశపెట్టిన కార్యాచరణ విద్యకూ ఇది ప్రేరణ. కుప్పం పొలిమేర దాటితే ఈ రెండు రాష్ట్రాలే. మన గడ్డ మీద పుట్టిన ఆలోచన పొరుగు రాష్ట్రాల పిల్లలకు పనికొచ్చింది.

చివరి రోజులు

1985 చివర్లో 90 ఏళ్ళ వయసులో కృష్ణమూర్తి ఆఖరుసారిగా రిషివ్యాలీకి వచ్చారు. అప్పటికే బాగా చిక్కిపోయారు. 1986 జనవరి 4న మద్రాసులో తన చివరి ప్రసంగం చేశారు. 1986 ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశారు. తనకు వారసులు లేరని, తన పేరుతో పూజలు, గుడులు వద్దని ముందే చెప్పారు. ఇండియాలో, ఇంగ్లండులో, అమెరికాలో ఆయన ప్రేరణతో ఏర్పడిన పాఠశాలలు కొనసాగుతున్నాయి.

ఆయన పోయిన మరుసటి ఏడాది, 1987లో, ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ సంఘం తన నివేదిక ఇచ్చింది. సుస్థిర అభివృద్ధి అనే మాట దానితోనే లోకమంతా పాకింది. ఇప్పటి అవసరాలు తీర్చుకుంటూనే రేపటి తరాల అవసరాలకు గండి కొట్టకపోవడమే దాని అర్థం. 2015లో ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యాలను పెట్టుకుంది. వాటిలో నీరు, నేల మాత్రమే లేవు. పేదరికం, అసమానత, చదువు కూడా ఉన్నాయి. నేల బాధ, మనిషి బాధ వేరువేరు కావని కృష్ణమూర్తి అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చారు.

మన మూడు ఊళ్ళకు ఈ పాఠం

పుంగనూరు ఆవును చూడండి. మూడడుగుల ఎత్తు కూడా ఉండదు. కాస్త మేత, కాస్త నీటితో కరువును తట్టుకుంటుంది. దాని పాలలో వెన్న శాతం మామూలు ఆవు పాలకంటే బాగా ఎక్కువ. ఎక్కువ పాలిచ్చే పెద్ద జాతుల మోజులో దీనిని దాదాపు పోగొట్టుకున్నాం. పలమనేరు పశు పరిశోధన కేంద్రం దీనిని కాపాడే పని చేస్తోంది. ఈమధ్య ధనవంతుల ఇళ్ళలో ముచ్చటకు పెంచుకోవడం కూడా మొదలైంది. కానీ దాని విలువ అందంలో లేదు. కొంచెంతో బతకగల శక్తిలో ఉంది. తన నేలకు తగ్గట్టు బతకడమే సుస్థిరత అని ఆ ఆవు నోరు లేకుండా చెబుతోంది.

కుప్పంలో 1990ల చివర్లో ఇజ్రాయెల్ పద్ధతిలో బిందుసేద్యం ప్రయోగం చేశారు. దాని ఖర్చు మీద, చిన్న రైతుకు అందుబాటు మీద వాదోపవాదాలు జరిగాయి. అయినా మొక్క వేరు దగ్గర చుక్క చుక్కగా నీరివ్వాలన్న సంగతి ఊరూరికీ తెలిసింది. 2025 ఆగస్టులో హంద్రీ–నీవా కాలువ ద్వారా శ్రీశైలం నుంచి కృష్ణా జలాలు కుప్పం చేరాయి. ఇది సంతోషించవలసిన విషయం. కానీ అంత దూరం నుంచి వచ్చిన నీటిని నిలుపుకోవాలంటే మన చెరువులు పూడిక లేకుండా, ఆక్రమణ లేకుండా ఉండాలి. చెరువు లేని ఊరికి కాలువ వచ్చినా నిలవదు.

మదనపల్లె చుట్టూ టమాటా కోసం బోర్లు లోతుకు పోతూనే ఉన్నాయి. పక్క చేనువాడు 800 అడుగులు వేస్తే మనం 1,000 వేస్తాం. ఇద్దరి బోర్లూ ఎండుతాయి. కృష్ణమూర్తి చెప్పిన పోటీ జబ్బు బడిలోనే కాదు, భూమి కింద కూడా ఉంది.

మనకు ఇంకో ప్రత్యేకమైన సంగతి ఉంది. మన కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన డి.కె.టి. పట్టా భూములు చాలావరకు గుట్ట వాలున, రాళ్ళ మధ్య ఉంటాయి. పనికిరాని భూమి అని కొందరు వదిలేశారు, కొందరు అమ్ముకున్నారు. పచ్చబడిన లోయ చెప్పేదేమిటంటే అది పనికిరాని భూమి కాదు, దెబ్బతిన్న భూమి. రాతి కట్ట, కందకం, సీతాఫలం, చింత, కానుగతో దానిని లేపవచ్చు. కందకాలు, కుంటలు ఉపాధి హామీ పనుల్లో కూడా చేసుకున్నవే. అలాగే గుట్టను కాపాడే పేరుతో మేకలు కాసుకునే పేదవాడిని తరిమేస్తే అది న్యాయం కాదు. మేపుకు కొంత చోటు వదిలి, గడ్డి కోసుకునే హక్కు ఇచ్చి, అతడిని కూడా కాపలాదారును చేసుకోవాలి. 1927లో మహాడ్‌లో డాక్టర్ అంబేడ్కర్ చవదార్ చెరువు నీటిని చేతుల్లోకి తీసుకున్నది నీరు అందరిదీ అని చెప్పడానికే. అందరికీ చెందని పచ్చదనం ఎక్కువ కాలం నిలవదు.

మన హాస్టల్లో ఏం చేయగలం?

చిన్న లెక్క వేద్దాం. వందమంది ఉన్న హాస్టల్లో ఒక్కొక్కరు రోజుకు 15 లీటర్ల బకెట్ ఒకటి స్నానానికి వాడితే 1,500 లీటర్లు. ఆ నీరు మురుగు కాలువలో పోకుండా చిన్న కాలువ తీసి మళ్ళిస్తే అరటి, మునగ, కరివేపాకు, బొప్పాయి చెట్లు ఎండాకాలం కూడా బతుకుతాయి. మెస్‌కు ఆకూ కాయా దొరుకుతుంది. ఇంకో లెక్క. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే అది సుమారు 65,000 లీటర్ల నీరు. గొట్టం ద్వారా ఇంకుడు గుంతలోకి దించితే మన బోరుకే బలం. కూరగాయల తొక్కులు, రాలిన ఆకులు ఒక గుంతలో వేసి మట్టి కప్పితే కొన్ని నెలల్లో ఎరువు అవుతుంది. కాల్చితే పొగ మాత్రమే మిగులుతుంది.

మొక్క నాటే రోజు ఫోటోకు అందరూ వస్తారు. మూడో వేసవిలో నీళ్ళు పోసేవాడే దాని అసలు యజమాని. కాబట్టి గదికి ఒక చెట్టు పంచుకోండి. పదో తరగతి వారు వెళ్ళిపోయేటప్పుడు తమ చెట్టును ఆరో తరగతి తమ్ముళ్ళకు అప్పజెప్పండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరి చెరువు ఎంత ఉండేదో, ఎంత మిగిలిందో తాతను, అవ్వను అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. చూడటం అక్కడ మొదలవుతుంది.

మీలో ఎవరినైనా మొద్దు అని ఎవరైనా అని ఉంటే, మదనపల్లెలో పుట్టిన ఆ జ్వరం పిల్లవాడిని తలచుకోండి. లెక్కలు రాని ఆ కుర్రవాడికి పురుగును, మబ్బును, పక్కవాడి ఖాళీ చేతిని చూడటం వచ్చు. ఈరోజు మన గుట్టలకు, చెరువులకు కావలసింది అలా చూడగలిగిన పిల్లలే. బాగా చదవండి, ఉద్యోగాలు తెచ్చుకోండి, తల్లిదండ్రులను సుఖపెట్టండి. వాటితోపాటు మీ ఊరి నేలను కూడా కాస్త పచ్చగా చేసి వెళ్ళండి.